వస్తాదు – యోగ్యతాపత్రము: క్రీడాశిక్షకుల తర్ఫీదుపై ఒక విమర్శ

క్రీడాశిక్షకుని విషయమున మనవారిలో రెండభిప్రాయములు బలముగా పాతుకొని యున్నవి. నేర్పు కాగితములో లేదనియు, కోడి రామమూర్తినాయుడుగారు ఏ తరగతిలోను కూర్చుండలేదనియు, హైదరాబాదు రహీముగారికి ఏ సంస్థయు ముద్ర వేయలేదనియు చెప్పువారు ఒక పక్షము. పాటియాలా డిప్లొమా లేనివానిని మైదానములో అడుగు పెట్టనీయరాదను వారు రెండవ పక్షము. బెంగుళూరులోనో, చెన్నైలోనో, బరంపురములోనో, నాగపురములోనో మన తెలుగు సంఘము పిల్లలకు ఆటల తరగతి పెట్టదలచినప్పుడెల్ల ఈ రెండు పక్షముల వాదమే వినవచ్చును. మొదటి పక్షమువారి ఉదాహరణములు తప్పు. రెండవ పక్షమువారి ప్రశ్న తప్పు. ఈ రెండు మాటలను నిరూపించుటయే ఈ వ్యాసమున నేను పూనుకొన్న పని.

ముందుగా పేర్లను పరిశీలింతము. గురువునకు తెలుగువారి పాతపేరు ఒజ్జ. సంస్కృతమునందలి ఉపాధ్యాయ శబ్దము ప్రాకృతము మీదుగా అరిగి మనకు చేరిన రూపమిది. సాముగరిడీలకు మాత్రము ఒజ్జ చాలలేదు. పారసీకమునుండి ఉస్తాదు వచ్చి మన నోట వస్తాదు ఆయెను. వస్తాదు కూర్చుండు చోటు తాలింఖానా. అందలి తాలీము నేర్పుట యను అర్థముగల అరబ్బీ మాట. కొల్హాపురమున, పూనాలో, షోలాపురమున అదే మాట తాలీమ్ అయి కుస్తీ గోదాకు పేరైనది. మైసూరు సీమలోని గరడి మనెకును మన గరిడికిని చుట్టరికము చెప్పనక్కఱలేదు. పూరీలో అట్టిదానిని జాగాఘర యందురు. తమిళదేశమున సిలంబము నేర్పువాడు ఆశాన్. అదియు ఆచార్య శబ్దము అరిగిన రూపమే. ఈ సీమలన్నిటను మనవారు తరములుగా కాపురమున్నను, ఈ మాటలన్నియు ఒక్క పనికి పేర్లని గుర్తించినవారు తక్కువ.

ఈ పేర్లలో దేనిని ఎవరును కాగితముమీద వ్రాసి యీయలేదు. శిష్యులు నాలుగూళ్ళ గోదాలలో నిలిచి గెలిచిన పిమ్మట లోకము ఒకనిని వస్తాదనెడిది. పని ముందు, పేరు వెనుక. కోచ్ అను మాట నడిచిన దారి వేరు. హంగేరీ దేశమున, వియన్నానుండి బుడాపెస్టునకు పోవు మార్గములో, కోచ్ అను పల్లె కలదు. అచ్చటివారు కట్టిన గుఱ్ఱపుబండ్లు ఐరోపాయంతట ప్రసిద్ధికెక్కగా ఊరిపేరే బండికి పేరాయెను. మన రైలుపెట్టెకును ఆ పేరే నిలిచినది. 1830 ప్రాంతమున ఆక్స్‌ఫర్డు విద్యార్థులు, తమ్ము పరీక్ష గట్టెక్కించు ప్రైవేటు ఉపాధ్యాయుని వేళాకోళముగా కోచ్ అనసాగిరి. అనగా ఎక్కించుకొని అవతలిగట్టున దింపు బండి యని. మఱి ముప్పది యేండ్లకు ఆ మాట ఆటగాండ్ర శిక్షకునకు పాకినది. పరీక్షయే ఆ మాటకు పుట్టినిల్లు గనుక, ఆ పేరుగల వృత్తి తిరిగి పరీక్షల పాలగుటలో వింత లేదు.

ఇక మొదటి పక్షమువారి ఉదాహరణములు. రామమూర్తినాయుడుగారి స్వస్థలము వీరఘట్టము. బాల్యమున విజయనగరము చేరి అచ్చటి గోదాలో కుస్తీ నేర్చిరి. ఇంతవరకు అందఱును ఎరిగినదే. ఆ పిమ్మట ఆయన మద్రాసునకు పోయి, సైదాపేటలో ఒక సంవత్సరము వ్యాయామశిక్షణము పొంది, శిక్షకులుగా యోగ్యత సంపాదించి, విజయనగరమునకు మరలివచ్చి, తాము చదివిన పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయులుగా కుదిరిరి. సర్కసు తరువాతి మాట. ఱొమ్ముమీద ఏనుగును నిలుపుట, ఉక్కుగొలుసులు త్రెంచుట, మోటారుకార్లను కదలనీయక పట్టుట మన జ్ఞాపకమున నిలిచినవి. సైదాపేట సంవత్సరము నిలువలేదు. జనశ్రుతికి ఏనుగు కావలెను గాని తరగతిగది యెందుకు?

సయ్యద్ అబ్దుల్ రహీముగారి (1909–1963) సంగతియు నిట్టిదే. 1951లో ఢిల్లీ ఆసియాక్రీడలలోను, 1962లో జకార్తా ఆసియాక్రీడలలోను మన ఫుట్‌బాలు జట్టు బంగారు పతకములు గెలిచినప్పుడును, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సున నాలుగవ స్థానము పొందినప్పుడును దానికి శిక్షకులు ఆయనయే. ఆయన వృత్తిచే బడిపంతులు. హైదరాబాదు పాఠశాలలలో పాఠములు చెప్పుచునే వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది, తరువాత ఆ పాఠశాలల ఆటల భారము వహించిరి. పాటియాలా సంస్థ 1961లో గాని పుట్టలేదు గనుక ఆయనకు ఆ ముద్ర లేదనుట నిజమే. తర్ఫీదు లేదనుట మాత్రము నిజము కాదు.

ఆ కాగితము ఈ యిరువురకు చేసిన మేలేమి? బలము నీయలేదు, బుద్ధి నీయలేదు. బడి నిచ్చినది. బడియనగా ప్రతిదినము అదే గంటకు వచ్చి నిలుచు పిల్లలు. అందు బలవంతులు కొందఱు, అర్భకులు పెక్కుమంది. వస్తాదు ఏరికోరి తీసుకొన్న పదిమందితో పనిచేయును. బడిలో వ్యాయామము నేర్పువానికి ఏరుకొను వీలులేదు. ఊపిరి చాలనివానికి, కాలు వంకరవానికి, ఆటయన్న భయపడువానికి ఎట్లు చెప్పవలెనో దినదినము వెదకుకొనవలసిన వాడతడు. రహీముగారు బంతిని కాళ్ళయొద్ద నిలుపుకొనక వెంటనే తోడివానికి అందింపుమని పట్టుపట్టెడివారు. ఆ పట్టుదలలో నాకు బడిపంతులే కనబడును. ఒక్కని చాకచక్యముకంటె తరగతి యంతయు కదలుట ఆయనకు ముఖ్యము.

రామమూర్తిగారి చివరిదినములు ఒడిస్సాలోని బలంగీరులో, సంస్థానాధీశుని ఆదరణలో గడచినవి, 1942లో కన్నుమూసిరి. ఒక్క జీవితమునందే రెండు ఏర్పాటులును కనబడుచున్నవి: మొదట యోగ్యత చూపి సంపాదించిన బడిజీతము, కడపట రాజపోషణము. కొల్హాపురమున శాహూమహారాజు, మైసూరున ఒడెయరులు వస్తాదులకును మల్లులకును అన్నము పెట్టినవారు. మద్రాసులో బుచ్చిబాబునాయుడుగారు (మరణము 1908) రాజు కాకున్నను, సొంత వ్యయముతో మనదేశపు కుఱ్ఱవాండ్రకు క్రికెట్టు నేర్పించి, తెల్లవారి క్లబ్బునకు దీటుగా 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్బును నిలిపిరి. అట్టి పోషణకు కాగితముతో పనిలేదు. పోషకుడు మనిషిని ఎరుగును. 1948 ప్రాంతమున సంస్థానములు విలీనమైనవి, జమీందారీలు రద్దయినవి. రాజు కూర్చున్న చోట ప్రభుత్వము కూర్చున్నది. ప్రభుత్వమునకు వస్తాదు ముఖము తెలియదు. జీతమిచ్చుటకు దానికొక గుర్తు కావలెను. యోగ్యతాపత్రమునకు మనదేశమున కలిగిన ప్రాబల్యమునకు శాస్త్రాభివృద్ధికంటె ఇదియే పెద్ద కారణమని నా యభిప్రాయము.

సంస్థల చరిత్ర సంగ్రహముగా చాలును. 1920లో మద్రాసున హ్యారీ క్రో బక్ అను అమెరికను వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించెను. దక్షిణదేశపు వ్యాయామోపాధ్యాయులకు చిరకాలము అదియే మాతృసంస్థ. 1953లో రాజకుమారి అమృతకౌర్ పేర శిక్షణపథక మొకటి వెలసెను. 1957లో గ్వాలియరున లక్ష్మీబాయి కళాశాల, 1961లో పాటియాలా మోతీబాగు ప్రాసాదమున జాతీయ క్రీడాసంస్థ ఏర్పడినవి. 1973లో ఈ సంస్థకు నేతాజీ సుభాషుని పేరు పెట్టబడెను. 1984లో ఏర్పడిన భారత క్రీడాప్రాధికార సంస్థలో ఇది 1987లో కలిసిపోయెను. నేడు పాటియాలా డిప్లొమా సుమారు ఒక విద్యాసంవత్సరపు చదువు. ఆరువారముల చిన్న తరగతియు వేరుగా కలదు. దేహధర్మశాస్త్రము, అంగచలనశాస్త్రము, మనస్తత్త్వము, క్రీడావైద్యము, తర్ఫీదు ప్రణాళిక వేయు విధానము అందు బోధింతురు.

ఇవి వ్యర్థమను వారితో నేను ఏకీభవింపను. పాత గోదాను బంగారముగా వర్ణించువారు దాని తలుపు ఎవరికి మూయబడి యుండెనో చెప్పరు. 1985లో మన ప్రభుత్వము ఉత్తమశిక్షకులకు పురస్కార మేర్పఱచి దానికి ద్రోణాచార్యుని పేరు పెట్టినది. శిక్షకులకు పెట్టుటకు ఆ పేరే దొరకినదా యని ఏకలవ్యుని కథ విన్న పిల్లవాడైనను అడుగును. కులము చూచి కాదనుటకును, వ్రేలు దక్షిణగా అడుగుటకును వస్తాదునకు అధికార ముండెడిది, అడ్డుచెప్పువారు లేకుండిరి. ఆడుపిల్లకు గోదాలో చోటే లేదు. శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటనుండి కరణం మల్లీశ్వరి నీలంశెట్టి అప్పన్నగారివద్ద బరువులెత్తుట మొదలుపెట్టి, 2000 సంవత్సరమున సిడ్నీలో కంచుపతకము గెలిచి, ఒలింపిక్సున పతకము పొందిన మొదటి భారతస్త్రీ యయ్యెను. వస్తాదు ఇష్టానిష్టములపై తలుపు తెఱచుకొను కాలము గడచిపోవుటచేతనే అది సాధ్యమైనది. రుసుమును, అర్హతయు, ప్రవేశపరీక్షయు గల తరగతిలో ఎన్ని లోపములున్నను, నీ వెవని కొడుకవని అడుగుట అందు నియమము కాదు.

ప్రాణభయము మఱొక కారణము. మండువేసవిలో నీరు త్రాగనీయక పరుగెత్తించుట పౌరుషమని నమ్మిన శిక్షకులను మనము చూచియే యున్నాము. ఎదుగు వయస్సున ఎముక కొనలకు ఎంత భారము తగునో తెలియక పన్నెండేండ్ల బాలునిచేత పెద్దల బరువు నెత్తించువారు నేటికిని కలరు. ఉత్తేజక మందుల విషయమున పట్టుబడిన ఆటగానితోబాటు దానికి తోడ్పడిన శిక్షకుడును అంతర్జాతీయ నియమావళి ప్రకారము దోషియే. మనదేశమున 2022లో దీనికై చట్టము చేయబడినది. ఇవి అనుభవమువలన తెలియునందురా? తెలియును, కాని ఆ అనుభవమునకు వెల చెల్లించువాడు శిష్యుడు.

కాగితము కావలెనని ఇంతగా చెప్పిన పిమ్మట, మన కాగితము దేనికి సాక్ష్యమిచ్చుచున్నదో చూడవలెను. పాటియాలాకు పోవువాడు పట్టభద్రుడై, ఏదో యొక స్థాయి పోటీలో తానాడిన రుజువు చూపవలెను. తరువాత గ్రంథములు చదివి, ఆచరణపరీక్షల నిచ్చి గెలుపొందును. ఇన్ని వందలగంటలు ఇట్టి పిల్లలకు ఇతడు నేర్పెను, ఆ పిల్లలు రెండవ యేట ఏమైరి అను లెక్క ఆ పత్రముపై నుండదు. తానాడినదానికిని, తాను చదివినదానికిని అది సాక్షి. తాను నేర్పినదానికి సాక్షి కాదు. పైగా డిప్లొమా ఒకసారి చేతికి వచ్చినచో వచ్చినట్లే. ఇరువది యేండ్ల క్రింద చదివిన దేహధర్మశాస్త్రముతో నేడు పనిచేయువానిని మరల చదువుమని పిలుచువారు లేరు. రెండవ పక్షమువారు డిప్లొమా ఉన్నదా యని అడుగుచున్నారు. వచ్చిన పిమ్మట ఏమి చేసితివని అడుగుట లేదు. వారి ప్రశ్న తప్పని నేననుట ఇందుకే.

ఇతరులు దీనిని ఎట్లు నడుపుచున్నారో పోల్చి చూచుట మేలు. ఐరోపా ఫుట్‌బాలు సమాఖ్య తన శిక్షకుల లైసెన్సును మూడేండ్లకే పరిమితము చేసి, ఆలోగా 15 గంటల అదనపు చదువు చదివిననే గాని దానిని పొడిగింపదు. ఫ్రాన్సుదేశము ఇంకను గట్టిది. జీతము పుచ్చుకొని ఆట నేర్పువానికి గుర్తింపుపొందిన డిప్లొమా ఉండితీరవలెనని అచ్చట చట్టము. లేకయే నేర్పినచో ఒక సంవత్సరము కారాగారము, 15,000 యూరోల జరిమానా వరకు శిక్ష విధింపవచ్చును. శిక్షకుని గుర్తింపుకార్డును ఐదేండ్లకొకసారి క్రొత్త చేసికొనవలెను. 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన యానాములోని మనవారికి ఆ దేశపు కాగితముల పట్టుదల వినికిడి లేనిది కాదు. మన చట్టములో ఇట్టిది లేదు. ఎవడైనను ఫలకము కట్టి తాను కోచ్ నని చెప్పుకొనవచ్చును.

ఆటలకు దూరమైన మఱొక తెగవారును ఇప్పుడు కోచ్ అను పేరు ధరించుచున్నారు. ఉద్యోగములలోను, జీవితములోను తోచక నిలిచినవారితో మాటలాడి వారి దారి వారే కనుగొనునట్లు చేయుదుమని చెప్పు వృత్తివారు వీరు. దీని మూలమును ఆటస్థలమే. టిమతీ గాల్వే అను అమెరికను టెన్నిసు శిక్షకుడు, ఆటగాని నిజమైన ప్రత్యర్థి అతని మనస్సులోనే యున్నాడని 1974లో గ్రంథము వ్రాయగా వ్యాపారసంస్థలవారు దానిని అందిపుచ్చుకొనిరి. 1995లో అంతర్జాతీయ సమాఖ్య యొకటి వెలసి మూడంతస్తుల యోగ్యతాపత్రముల నేర్పఱచెను. మొదటిదానికి 60 గంటల తరగతి, 100 గంటల ఆచరణ. రెండవదానికి 125, 500. మూడవదానికి 200, 2,500. దీనితోబాటు పెద్దశిక్షకుని పర్యవేక్షణలో 10 గంటలు గడపవలెను. మూడేండ్లకొకసారి మరల యోగ్యత చూపుకొనవలెను.

ఈ యంకెలలో నన్నాకర్షించినది తరగతికిని ఆచరణకును గల నిష్పత్తి. కడపటి అంతస్తున చదువునకు పన్నెండురెట్లు మించి ఆచరణ. ఇది వస్తాదు పద్ధతికి దగ్గరి మాట: పని ముందు, పేరు వెనుక. అయినను దీనిని పొగడి ఊరకుండరాదు. ఆ గంటలలో అధికభాగము రుసుము చెల్లించువారితో గడపినవై యుండవలెను. రుసుము చెల్లింపగలవారు ఎట్టివారో అందఱకును తెలిసినదే. 2,500 గంటలు ఉద్యోగులతోనే మాటలాడినవానికి, కూలివాని కొడుకు ఎదుట ఏమి మాటలాడవలెనో తెలియునని ఆ పత్రము హామీ యీయదు. గంటలు లెక్కించుట మంచిదే. ఎవరితో గడచిన గంటలని అడుగుట అంతకంటె మంచిది. రామమూర్తిగారి గంటలును, రహీముగారి గంటలును బడిపిల్లలతో గడచినవి.

రెండు పద్ధతులును కలిసి పండిన ఉదాహరణ మన యెదుటనే యున్నది. హైదరాబాదున బాడ్మింటను నేర్పిన ఎస్.ఎం. ఆరిఫుగారు పాటియాలాలో శిక్షణము పొందినవారు. వారియొద్ద నేర్చిన పుల్లెల గోపీచందుగారు బెంగుళూరుకు పోయి ప్రకాశ్ పడుకోనెగారి వద్దను సాధనచేసి, 2001లో ఆల్ ఇంగ్లండ్ పోటీ గెలిచిరి. తరువాత తామే శిక్షకులై 2012లో సైనా నెహ్వాలుచేత లండనున కంచును, 2016లో పి.వి. సింధుచేత రియోలో వెండిని సాధింపజేసిరి. ఆరిఫుగారికి 2000లోను, గోపీచందుగారికి 2009లోను ద్రోణాచార్య పురస్కారము వచ్చినది. ఈ వరుసలో కాగితము కలదు. ఒకరిచెంత ఒకరు ఏండ్లతరబడి కాచుకొని నేర్చుటయు కలదు. ఏది ఎంతపాలని తూచుట నా వశము కాదు. రెండింటిలో ఒకటి చాలునను వారికి మాత్రము ఈ వరుస జవాబు చెప్పును. గోపీచందుగారి చేతికి తొలుత బాట్ ఇచ్చి నిలువ నేర్పినవారు హమీద్ హుస్సేనుగారు. ఆ పేరు ఎందఱకు తెలియును? అంతర్జాతీయ విజయములను లెక్కించు పురస్కారములు కొమ్మచివరి పండును చూచునంతగా వేరుకు నీరుపోసినవానిని చూడవు.

మన సంఘములవారికి కావలసినది సరిగా ఆ వేరువద్ద పనిచేయువాడే. ఆదివారపు తరగతికి వచ్చు ఎనిమిదేండ్ల పిల్లలకు ఒలింపిక్సు పతకము తెచ్చినవాడు అక్కఱలేదు. శిక్షకుని కుదుర్చుకొనునప్పుడు డిప్లొమా చూడవలసినదే. ఆరువారములదా, ఏడాదిదా యనియు చూడవలెను. దానితో ఆగక, గడచిన రెండేండ్లలో నీయొద్ద చేరిన పిల్లలెందఱు, నడుమ మానినవారెందఱు, ఎందుకు మానిరని అడుగవలెను. మానినవారిని గూర్చి చెప్పలేనివాడు వారిని చూడలేదన్నమాట. దెబ్బతగిలిన పిల్లవానికి మొదటి అయిదు నిమిషములలో ఏమి చేయుదువని అడుగవలెను. ఒక నెల నేర్పుచుండగా పెద్దలొకరు ప్రక్కన కూర్చుండి చూడవలెను. ఇందుకు ధనవ్యయము లేదు, ఓపిక కావలెను.

కాగితములేని వస్తాదులు మనలో నేటికిని కలరు. షోలాపురపు పద్మశాలి పేటలలోను, బరంపురపు వీథులలోను కుస్తీయో, కబడ్డీయో, కఱ్ఱసామో ఉచితముగా నేర్పువారిని త్రోసివేయుట అన్యాయము. వారిని పాటియాలాకు పంపుట యన్న తేలిక మాట కాదు. పట్టభద్రత కావలెను, అచ్చటి బోధన ప్రధానముగా ఇంగ్లీషు. వీరు నేర్వవలసినది శాస్త్రమంతయు కాదు, పిల్లల దేహమునకు కీడు కలుగకుండ కాచు భాగము. దానికి మన భాషలో ఒక చిన్నపుస్తకము చాలును. పరిభాష క్రొత్తగా కల్పింపనక్కఱలేదు. దండీలు, బస్కీలు, పట్టు, గోదా వారి నోట నున్నవే. భుజసంధి స్థానభ్రంశము అని వ్రాసినచో తలయూపి ఊరకుందురు. గూడ జారినది అన్నచో వెంటనే చేయి చాతురు. బెణుకు, కండపట్టుట, కీలు తప్పుట, వడదెబ్బ: ఈ మాటలతో, మన సీమలోని వైద్యులొకరును, వ్యాయామోపాధ్యాయులొకరును, వస్తాదు ఒకరును కూర్చుండి నూఱుపుటలు వ్రాయవచ్చును. కన్నడ, మరాఠీ, ఒడియా, తమిళ గోదాలలో అదే దెబ్బకు వాడు మాటను ప్రక్కన చేర్చినచో మన పిల్లవానికి దెబ్బ తగిలిననాడు పొరుగింటి వైద్యునకు చెప్పుటకు అక్కఱకు వచ్చును.